ఫ్లోరిస్టు బొకేనా, సూపర్‌మార్కెట్ పూలకట్టా?

మీరు అడిగినవి మూడు. ప్రతి వారం ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి సూపర్‌మార్కెట్ పూలు సరిపోతాయా? స్నేహితురాలి పెళ్లిరోజుకు మూడు రెట్లు ఖర్చుపెట్టి ఫ్లోరిస్టు దగ్గరే బొకే కట్టించాలా? రెండింటిలో ఏవి ఎక్కువ రోజులు వాడకుండా ఉంటాయి? నేను మొదట పూల టోకు గోదాములో, ఆ తర్వాత చాలా ఏళ్లు దుకాణంలో బొకేలు కడుతూ పనిచేశాను కనుక రెండు వైపుల గుట్టూ కొంత తెలుసు.

ఇంటికి సూపర్‌మార్కెట్ చాలు. స్నేహితురాలికి ఫ్లోరిస్టు దగ్గరకు వెళ్లండి. మూడో ప్రశ్నకు మాత్రం ఒక షాపు పేరు చెప్పి ఊరుకోలేను. కోసిన క్షణం నుంచి మీ చేతికి వచ్చేదాకా ఆ పువ్వు ఎంత సేపు, ఎంత వేడిలో, ఎలాంటి నీళ్లలో ఉందన్నదే దాని ఆయుష్షును తేలుస్తుంది. ఆ లెక్కలో ఒక్కోసారి సూపర్‌మార్కెట్టే గెలుస్తుంది.

ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. ఫ్లోరిస్టు పూలు ఆ తెల్లవారుజామునే తోటలో కోసుకొచ్చినట్టు, సూపర్‌మార్కెట్ పూలు ఏ ఫ్యాక్టరీలోనో అచ్చుపోసినట్టు ఒక ఊహ పాతుకుపోయింది. నిజానికి అంతర్జాతీయ వ్యాపారంలో తిరిగే గులాబీల్లో చాలా భాగం కొన్ని చోట్ల నుంచే బయలుదేరుతుంది. కెన్యాలో నైవాషా సరస్సు చుట్టూ ఉన్న తోటలు, ఈక్వడార్‌లో ఆండీస్ పర్వతాల మీది తోటలు, కొలంబియా, ఇథియోపియా. భూమధ్యరేఖకు దగ్గరగా, బాగా ఎత్తులో ఉన్న నేలల్లో పగలు ఎండ గట్టిగా కాస్తుంది, రాత్రి చల్లబడుతుంది. మొగ్గ నెమ్మదిగా పెరిగి పెద్దదవుతుంది, కాడ నిటారుగా సాగుతుంది. అక్కడి నుంచి కొంత సరుకు నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ వేలానికి చేరుతుంది. ఆ వేలం తలకిందులుగా నడుస్తుంది. గడియారం లాంటి తెర మీద ధర పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది, ముందుగా మీట నొక్కినవారిదే సరుకు. ఇంకొంచెం తగ్గుతుందేమోనని ఆశపడి ఆగినవాడికి ఉత్త చేతులు మిగలవచ్చు.

ఫ్లోరిస్టులకు సరుకు సరఫరా చేసే టోకు వ్యాపారులు ఇలాంటి వేలాల్లోనో, ఎగుమతిదారుల దగ్గరో కొంటారు. పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలు తరచు తోటలతోనే నేరుగా ఒప్పందం కుదుర్చుకుంటాయి. మధ్యలో చేతులు తగ్గుతాయి, ఒక్కోసారి రోజులూ తగ్గుతాయి. పైగా రద్దీగా ఉండే సూపర్‌మార్కెట్‌లో బకెట్లు చకచకా ఖాళీ అవుతాయి. బేరాలు లేని ఫ్లోరిస్టు దగ్గర అదే గులాబీ చల్లని గదిలో వారం రోజులు కూర్చుని ఉండవచ్చు. అద్దాల వెనక ఉన్న ప్రతి పువ్వూ తాజాదని అనుకోకండి.

గ్రేడులో తేడా ఉన్నమాట నిజమే. గులాబీలను ప్రధానంగా కాడ పొడవును బట్టి, మొగ్గ పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. 60, 70 సెంటీమీటర్ల కాడలు ఎక్కువగా ఫ్లోరిస్టుల వైపు వెళ్తాయి. 40, 50 సెంటీమీటర్లవి సూపర్‌మార్కెట్ కట్టల్లోకి వెళ్తాయి. పొడవు కాడ మీద పెద్ద మొగ్గ ఉంటుంది, విచ్చుకుంటే అరచేయంత అవుతుంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అయితే పొడవు కాడకు ఆయుష్షు ఎక్కువన్న నియమం ఏమీ లేదు. మీ ఇంట్లో ఫ్లవర్ వాజ్ ఎత్తు ఒక జానెడే అయితే ఆ అదనపు పొడవును డబ్బిచ్చి కొని కత్తిరించి పారేస్తారు, అంతే.

ఇక సూపర్‌మార్కెట్ ఎక్కడ ఓడిపోతుందో చూద్దాం. మొదటిది వేడి. కోసిన పువ్వు ఊపిరి తీస్తూనే ఉంటుంది, దాచుకున్న చక్కెరను ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. అందుకే గులాబీలను, కార్నేషన్లను సున్నాకు ఒకటి రెండు డిగ్రీల పైన నిల్వ ఉంచుతారు. ఆంథూరియం, ఆర్కిడ్ లాంటి ఉష్ణమండలపు పూలకు అంత చలి పడదు, రంగు నల్లబడుతుంది. తోట నుంచి గోదాము దాకా అంత జాగ్రత్తగా చల్లగా తెచ్చిన సరుకును సూపర్‌మార్కెట్‌లో తలుపు పక్కన, ఎండ పడే చోట, దీపాల కింద బకెట్‌లో నిలబెడతారు. అక్కడ రెండు రోజులు నిలబడితే తెచ్చిన జాగ్రత్తంతా వృథా. తలుపు పక్కనే ఎందుకంటే రాగానే మీ కంటికి ఆనాలి. పువ్వు మేలు కోరి ఎంచుకున్న చోటు కాదది.

రెండోది పండ్లు. ఆపిల్, అరటి, టమాటా పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. మొక్కల్లో పండటానికి, రాలడానికి అదే సంకేతం. గాలిలో పది లక్షల్లో ఒక వంతు ఉన్నా కార్నేషన్ రేకులు ముడుచుకుపోతాయి, డెల్ఫినియం పూలు జలజలా రాలుతాయి. వాహనాల పొగలోనూ, సిగరెట్ పొగలోనూ, బకెట్ అడుగున కుళ్లుతున్న ఆకుల్లోనూ అదే వాయువు ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో పూల అర ఎక్కడుంటుంది? చాలాచోట్ల పండ్ల విభాగానికి ఆనుకునే. దీనికి తోటల దగ్గరే ఒక విరుగుడు వాడతారు. వెండి లవణంతో చేసిన ద్రావణాన్ని కోసిన కార్నేషన్లకు తాగిస్తే ఎథిలీన్ వాటిని అంత తేలిగ్గా తాకలేదని 1978లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రకటించారు. తర్వాత 1990లలో, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, వాయురూపంలో అదే పని చేసే మరో రసాయనాన్ని కనుగొన్నారు. అలా శుద్ధి చేసిన సరుకైతే పండ్ల పక్కన కొంత తట్టుకుంటుంది. చేశారా లేదా అన్నది కట్ట చూసి మీరు చెప్పలేరు. అందుచేత పూల అర పక్కనే అరటిపండ్లు కనిపిస్తే కార్నేషన్లు, డెల్ఫినియాలు, జిప్సోఫిలా వదిలేసి చామంతులు, జెర్బెరాలు, తులిప్‌లు చూడండి. వీటికి ఎథిలీన్ బాధ తక్కువ. ఇంటికి తెచ్చాక కూడా పూలను పండ్లబుట్ట పక్కన పెట్టకండి.

మూడోది మనిషి లేకపోవడం. బకెట్‌లో నీళ్లు అయిపోయినా పట్టించుకునే దిక్కు లేని షాపులు ఎన్నో చూశాను. ఒక్కసారి బకెట్‌లోకి తొంగి చూడండి. నీళ్లు మడ్డిగా ఉన్నా, వాసన వస్తున్నా, కాడలు జిగటగా ఉన్నా పైన పువ్వు ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు. కాడలోని సన్నని గొట్టాలను బ్యాక్టీరియా అప్పటికే మూసేస్తూ ఉంటుంది.

మంచి సరుకు ఏరుకోవడం వస్తే సూపర్‌మార్కెట్‌తో మీ ఇంటి పూల సమస్య దాదాపు తీరిపోతుంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. గులాబీ మొగ్గను కింద, కాడ కలిసే చోట, రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలితే తాజా, మెత్తగా లోపలికి పోతే పాతది. బయటి రేకులు ఒకటి రెండు కాస్త ముదురుగా, చారలుగా ఉంటే భయపడకండి. లోపలి రేకులను కాపాడే పై రేకులవి, ఇంటికెళ్లాక తీసేయవచ్చు. అసలు పై రేకులే లేని నున్నని గులాబీ కనిపిస్తే అనుమానించండి, వాడిన రేకులు ఎవరో ఒలిచేసి ఉంటారు. చామంతిలో పువ్వును కాదు, ఆకును చూడాలి. పువ్వు కంటే ముందు ఆకు పసుపెక్కుతుంది. జెర్బెరాకు మధ్యలో ఉన్న గుండ్రటి బొడ్డు చూడండి. అంచున ఒకటి రెండు వరుసలే విచ్చుకుని పుప్పొడి కనిపిస్తే సరైన పాకంలో ఉన్నట్టు, బొడ్డంతా విచ్చుకుని ఉంటే ముసలిది. లిల్లీ కట్టలో ఒక మొగ్గ విచ్చుకుని, మిగిలినవి రంగు తేలి ఉంటే చాలు. పూర్తిగా ఆకుపచ్చగా ఉన్న మొగ్గలు కొన్నిసార్లు విచ్చుకోకుండానే ఎండిపోతాయి. తులిప్ మూసుకుని, రంగు మాత్రం కనిపిస్తూ ఉండాలి. తాజా తులిప్‌లు ఒకదానికొకటి రాసుకుంటే కీచుమంటాయి. కోశాక కూడా కొన్ని సెంటీమీటర్లు పెరిగి, వెలుతురు వైపు మెడ తిప్పుతాయి, వాడిపోయాయనుకుని పారేయకండి. ప్లాస్టిక్ కవరు లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలుంటే, రేకుల మీద బూడిద రంగు మచ్చలు వెతకండి. అది బూజు, ఒక పువ్వుకుంటే రేపటికి కట్టంతా ఉంటుంది.

ధర తగ్గించిన బకెట్ గురించి ఒక మాట. అందులో మొగ్గలు మిగిలి ఉన్న లిల్లీ, ఆల్‌స్ట్రోమీరియా, ఆకు పచ్చగా ఉన్న చామంతి దొరికితే లాభసాటి బేరం. గులాబీ, జెర్బెరా, తులిప్ మాత్రం సగం ధరకు కాదు కదా, ఊరికే ఇచ్చినా మర్నాటికి మిగలవు.

సూపర్‌మార్కెట్ రకరకాల పూలతో కట్టి అమ్మే మిశ్రమ బొకేలంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. వాటిని ప్యాకింగ్ కేంద్రంలో కదిలే బెల్టు మీద కడతారు. ఏ బొకేలో ఏ పువ్వు ఎన్ని కాడలు వేయాలో ముందే రాసి ఉంటుంది. ఆ జాబితాను ఈ పనివాళ్లు రెసిపీ అంటారు. ఒకరు రెండు గులాబీలు పెడతారు, పక్కవారు మూడు చామంతులు, ఆ పక్కవారు ఆకులు. కాడలన్నీ నిటారుగా, తలలన్నీ ఒకే ఎత్తులో కవరులో బిగించి ఉంటాయి. కవరు తీయగానే కట్ట విడిపోయి సగానికి సగం ఆకులే కనిపిస్తాయి. పైగా అందులో మూడు వారాలు నిలిచే కార్నేషన్ పక్కన అయిదు రోజులకే తల వాల్చే పువ్వు ఉంటుంది. ఆ పువ్వు వాడిపోగానే మొత్తం బొకే పాతబడినట్టు కనిపిస్తుంది. అదే డబ్బుతో ఒకే రకం పూల కట్టలు రెండు కొనండి. ఒకే రంగు ఆల్‌స్ట్రోమీరియా రెండు కట్టలు ఒక గాజు జాడీలో పెడితే ఆ మిశ్రమ బొకే దాని ముందు నిలవదు. నీలం గులాబీలు, మెరుపు చల్లిన చామంతులు అక్కడే వదిలేయండి. నిజమైన నీలి గులాబీ ప్రకృతిలో లేదు. 2009లో జపాన్‌లో జన్యుమార్పిడితో తయారుచేసి అమ్మకానికి పెట్టిన దాని రంగు కూడా లేత ఊదానే. షాపులో కనిపించేది రంగునీళ్లు తాగించిందో, రంగులో ముంచిందో అయి ఉంటుంది. బల్లగుడ్డ మీద మరకలు కూడా చేస్తుంది.

మరి ఫ్లోరిస్టుకు మూడు రెట్లు ఎందుకివ్వాలి? పూలకోసం అయితే ఇవ్వనక్కర్లేదు. అక్కడ మీరు కొనేది పని. సరుకు రాగానే ప్రతి కాడకూ కింది ఆకులు దూసి, ముళ్లు తీసి, చివర మళ్లీ కోసి, లోతైన నీళ్లలో కొన్ని గంటలు చల్లగా నిలబెడతారు. దూరప్రయాణంలో ఎండిపోయి వచ్చిన పువ్వు అక్కడ కడుపునిండా నీళ్లు తాగి కోలుకుంటుంది. డాఫొడిల్ కాడ నుంచి కారే జిగురు తక్కిన పూలను పాడుచేస్తుంది కాబట్టి దాన్ని వేరుగా నానబెట్టి, మళ్లీ కోయకుండా బొకేలో కలపాలి. హైడ్రేంజియా వాడిపోతే, తలను అరగంట నీళ్లలో ముంచితే లేస్తుంది. ఇవన్నీ తెలిసిన చేయి అది. కట్టే తీరు కూడా వేరు. కాడలన్నీ ఒకే దిశలో ఏటవాలుగా మెలితిరిగేలా పేర్చి ఒక్కచోట ముడి వేస్తారు. ఆ బొకేను బల్ల మీద వదిలితే తనంతట తాను నిలబడుతుంది, పూల మధ్య గాలి ఆడుతుంది, ఏ వైపు నుంచి చూసినా ముఖమే కనిపిస్తుంది. మంచి ఫ్లోరిస్టును గుర్తుపట్టడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు.

ఇంకొకటి, సూపర్‌మార్కెట్ ప్రయాణాన్ని తట్టుకోలేని పూలు ఫ్లోరిస్టు దగ్గరే దొరుకుతాయి. స్వీట్‌పీ, డాలియా, రానన్‌కులస్, తోటలో పూసినట్టుండే సువాసన గులాబీలు. వీటిలో చాలా వాటి ఆయుష్షు నాలుగైదు రోజులే. అంటే మూడు రెట్లు ఖర్చుపెట్టి తక్కువ రోజులు నిలిచేది కొంటున్నారన్నమాట. మీ స్నేహితురాలికి ఆ సాయంత్రం తలుపు తీయగానే కలిగే ఆనందం ముఖ్యమా, రెండో వారం దాకా నిలవడం ముఖ్యమా అన్నది మీరే తేల్చుకోవాలి. పెళ్లిరోజుకైతే నేను మొదటిదానికే ఓటు వేస్తాను. ఎక్కువ రోజులు నిలవాలంటే లిల్లీలు, కార్నేషన్లు, ఆర్కిడ్ కాడలు వేయమని చెప్పండి.

ఫ్లోరిస్టు దగ్గర ఎలా అడగాలన్నదీ ముఖ్యమే. ఫోనులో ఒక ఫొటో చూపించి అచ్చం ఇలాగే కావాలనకండి. ఆ ఫొటోలోని పూలు ఆ రోజు లేకపోతే పాత సరుకుతో, ఖరీదైన ప్రత్యామ్నాయాలతో సర్దాల్సి వస్తుంది. ఎంత ఖర్చు పెట్టగలరో మొహమాటం లేకుండా చెప్పండి, ఇష్టమైన రంగులు చెప్పండి, ఇష్టం లేని పువ్వు ఒకటి చెప్పండి, ఈ వారం వచ్చినవాటిలో మీకు నచ్చినవి వేయండి అనండి. బొకేలు కట్టేవారికి ఇంతకంటే తియ్యని మాట ఉండదు. ఆ ఒక్క మాటకే పక్కన పెట్టుకున్న మంచి కాడలు బయటికొస్తాయి. సరుకు ఏ రోజుల్లో వస్తుందో కనుక్కుని ఆ మర్నాడు వెళ్లండి. గులాబీలకు గిరాకీ మిన్నంటే రోజుల్లో మాత్రం గులాబీల జోలికి పోవద్దు. ఆ ఒక్క రోజు కోసం ముందునుంచే కోసి చల్లని గదుల్లో నిల్వ ఉంచిన సరుకు అప్పుడు బయటికొస్తుంది, ధర కూడా చుక్కలంటుతుంది.

వేరే ఊరికి పంపాలంటే మధ్యవర్తి వెబ్‌సైట్ల విషయంలో జాగ్రత్త. దూరంగా ఉన్నవారికి పూలు పంపడానికి 1910లోనే అమెరికాలో ఫ్లోరిస్టులు టెలిగ్రాఫ్ మీద ఆర్డర్లు ఇచ్చిపుచ్చుకునే సంఘం పెట్టుకున్నారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఇప్పుడు మాత్రం సొంత దుకాణమే లేకుండా ఆర్డర్లు పోగుచేసే వెబ్‌సైట్లు వచ్చాయి. మీరిచ్చిన డబ్బులోంచి తమ వాటా తీసుకుని, మిగిలింది ఆ ఊరి ఫ్లోరిస్టుకు పంపుతాయి. ఆయన ఆ మిగిలిన డబ్బుకు తగ్గ బొకేనే కడతాడు. ఆ ఊళ్లోని దుకాణానికి మీరే ఫోను చేస్తే మొత్తం డబ్బు పూలకే వెళ్తుంది.

ఈ రెండింటికీ మధ్యలో ఒక దారి ఉంది, ఎందుకో చాలామందికి తట్టదు. చాలామంది ఫ్లోరిస్టులు విడి కాడలు అమ్ముతారు. సూపర్‌మార్కెట్‌లో చవకగా చామంతులో, ఆల్‌స్ట్రోమీరియాలో తీసుకుని, ఫ్లోరిస్టు దగ్గర మూడు మంచి గులాబీలో ఒక లిల్లీ కాడో, రెండు కొమ్మలు యూకలిప్టస్ ఆకులో కొనండి. చూసేవారికి ఫ్లోరిస్టు కట్టినట్టే ఉంటుంది.

ఎక్కడ కొన్నా ఇంటికి వచ్చాక చేసే పని ఒకటే. వాజ్‌ను సబ్బుతో కడగండి. పూలు తొందరగా వాడటానికి మురికి వాజే పెద్ద కారణం. పదునైన కత్తితో కాడ చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టండి, లేకపోతే గాలి బుడగ లోపలికి పోయి నీటి దారిని అడ్డుకుంటుంది. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయండి. రెండు రోజులకొకసారి నీళ్లు మార్చండి. కట్టతో వచ్చే చిన్న పొట్లంలో చక్కెర, నీటిని పుల్లగా చేసే ఆమ్లం, సూక్ష్మజీవులను చంపే మందు ఉంటాయి. దాని మీద రాసినంత నీటిలోనే కలపండి. ఒక పొట్లాన్ని రెండు వాజ్‌లకు సర్దితే చక్కెర బ్యాక్టీరియాకు మేత అవుతుంది, వాటిని చంపాల్సిన మందు చాలదు. అంతకంటే ఉత్త నీళ్లే నయం. ఆస్పిరిన్ మాత్ర, రాగి నాణెం లాంటి చిట్కాలతో కాలం వృథా చేయకండి. రెండో రోజే గులాబీ తల వాలిస్తే పారేయకండి: కాడ మళ్లీ కోసి, తల నిటారుగా ఉండేలా మొత్తం కాగితంలో చుట్టి, గోరువెచ్చని లోతైన నీళ్లలో గంట రెండు గంటలు నిలబెడితే చాలావరకు లేస్తుంది.

స్నేహితురాలి ఇంట్లో పిల్లి ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే లిల్లీలు వద్దని ఫ్లోరిస్టుకు స్పష్టంగా చెప్పండి. లిల్లీ ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, వాజ్‌లో నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉంది. సూపర్‌మార్కెట్ మిశ్రమ బొకేల్లో లిల్లీ మొగ్గలు ఆకుల మధ్య దాగి ఉంటాయి కాబట్టి వాటినీ విప్పి చూడండి.